తెల్ల నెమలిలో ఖాళీ

"పెట్టె లోపలికి తెచ్చుకోనా, ఇటునుంచి ఇటే వెళ్ళిపోనా? ఏదో ఒకటి చెప్పక్కా."

ఐదో అంతస్తులో, గుమ్మానికి అవతల, మెట్ల చివర నిలబడి అడిగింది ఓడీల్. పక్కన నల్లరంగు రేకుపెట్టె. నాలుగేళ్ళ క్రితం ఊరినుంచి పారిస్ వచ్చిననాడు తెచ్చుకున్న పెట్టే. దానికి రెండోవైపు పట్టుకుని పైదాకా మోసుకొచ్చిన మనిషి కింది గది మదాం గుర్దోన్. ఆ ఇంటికి కాపలా ఆవిడే. సాయం చేద్దామని కాదు, సంగతేమిటో తెలుసుకుందామని వచ్చింది.

జెలీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆదివారం మధ్యాహ్నం. బల్లమీద మాంసం, ఉల్లికాడలు, కారెట్లు వేసి పొద్దుటినుంచి ఉడికించిన పులుసు పొగలు కక్కుతోంది. మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. చెల్లెలు ప్రతి ఆదివారం భోజనానికి వస్తుంది. ఏనాడూ పెట్టెతో రాలేదు.

"అదేం ప్రశ్న? రా లోపలికి" అంటూ జెలీ భర్త ఆన్సెల్మ్ బ్రొసార్ లేచి, రుమాలు మెడకి ఉండగానే వెళ్ళి పెట్టె అందుకున్నాడు. "దుకాణంవాళ్ళు సెలవిచ్చారా ఏమిటి?"

"ఇచ్చారు బావా. పెద్ద సెలవే ఇచ్చేట్టున్నారు."

"అయ్యో, ఎందుకమ్మా?" అంది మదాం గుర్దోన్.

జెలీ ఆవిడ ముఖంమీదే తలుపు వేసింది.

ఓడీల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇరవైరెండేళ్ళ పిల్ల. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా జుట్టు నున్నగా, నల్ల పట్టు గౌను ముడత పడకుండా ఉన్నాయి. "తెల్ల నెమలి" దుకాణంలో పనిచేసే అమ్మాయిలు ఏడ్చినా సరే చెదరకుండా ఏడవాలి. జెలీకి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఆ చదువు చెల్లెలికి నేర్పింది తనే.

"నిన్న సాయంత్రం పైకి పిలిచారు" అంది ఓడీల్. "నా మీద ఉత్తరం వచ్చిందట. సంతకం లేదు. నేను ప్రతి ఆదివారం సాయంత్రం ఒక పెళ్ళైన మగవాడి చెయ్యి పట్టుకుని దుకాణం వెనకవీధి దాకా వస్తున్నానట. చూసినవాళ్ళు ఉన్నారట. దుకాణం మేడమీద పడకగదిలో నాతో ఉండే మిగిలిన పిల్లలు చెడిపోతారని వెంటనే పెట్టె సర్దుకోమన్నారు."

ఆన్సెల్మ్ ఒక్క క్షణం ఆలోచించి, పకపకా నవ్వాడు.

"ఒసే పిచ్చిదానా! ఆ పెళ్ళైన మగాడు నేనే కదే! మీ అక్కే కదా నన్ను తోడు పంపించేది. పొద్దుపోతే ఒంటరిగా వెళ్ళనివ్వకు, దింపిరా దింపిరా అని ప్రాణం తీస్తుంది. ఆ ముక్క వాళ్ళ మొహాన చెప్పలేకపోయావా?"

"చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

జెలీ చేతిలోని గరిటె గిన్నె అంచుకి తగిలి టంగుమంది.

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. రేపు పొద్దున్నే వెళ్ళి..."

"వద్దు బావా. నువ్వూ ఆ దుకాణంలోనే పనిచేస్తున్నావు. ఊళ్ళనుంచి సరుకులకోసం వచ్చే ఉత్తరాలు చదివే గదిలో ఉన్నవాడివి, నీకు తెలీదా? పనిచేసే మగవాడు, పనిచేసే ఆడపిల్ల వీధిలో కలిసి కనిపించడమే తప్పు. నీ నోటితో నువ్వు ఒప్పుకుంటే నిన్నూ నాతోపాటే పంపిస్తారు. మరదలని చెబితే, ఆ మాట అందరూ చెబుతారంటారు."

"మరి దారేమిటి?"

"చేరినప్పుడు నా తరఫున సంతకం పెట్టింది అక్క. రేపు పది గంటలకి ఆమె వచ్చి నా తరఫున మాట్లాడాలన్నారు. ఆయన నా భర్త, నేనే తోడు పంపిస్తున్నాను అని అక్క చెబితే చాలు. పదికి రాకపోతే నా పేరు కొట్టేస్తారు."

రేపు అంటే సోమవారం. "తెల్ల నెమలి" కొత్త భవనం తలుపులు తెరిచే రోజు. నెల్లాళ్ళుగా పారిస్‌లో ఏ గోడమీద చూసినా అదే ప్రకటన. ఇనుప స్తంభాలు, గాజు పైకప్పు, రెండు పాయలుగా దిగే పెద్ద మెట్లు, ఆ మెట్ల కింద చేతితొడుగుల కౌంటరు. ఆ కౌంటరుకి పెద్ద అయిన మదమొజెల్ తావెర్నియే తన తర్వాతి స్థానం ఓడీల్‌కి ఇచ్చింది. రెండు వారాల క్రితమే ఈ బల్ల దగ్గరే కూర్చుని, ఆ సంగతి ఓడీల్ చెప్పింది.

జెలీ గిన్నెమీద మూత పెట్టింది.

"ఎవరు రాసుంటారు?" అని అడిగింది. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

"ఆ ఉత్తరం నాకు చూపించారక్కా" అంది ఓడీల్. "అక్షరాలు ఎవరివో తెలీకుండా బాగా గీకారు. కానీ కాగితం మూడుగా మడిచి, మూల లోపలికి దోపి ఉంది."

ఆన్సెల్మ్‌కి ఏమీ అర్థం కాలేదు. "మడిస్తే?"

"తొడుగుల జతకి పల్చటి కాగితం అలాగే చుడతాం బావా. దారం కట్టకపోయినా విడిపోదు."

కిందివీధిలో బండి ఒకటి రాళ్ళమీద గడగడలాడుతూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఓడీల్ అక్క చేతులవైపే చూస్తూ కూర్చుంది.

"రొట్టె చాలదు" అంది జెలీ. "మీరు వెళ్ళి ఇంకో రొట్టె పట్టుకురండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆన్సెల్మ్ ఇద్దరి ముఖాలూ చూసి, మెడకున్న రుమాలు విప్పి, కోటు వేసుకుని వెళ్ళాడు.

తలుపు పడగానే ఓడీల్ లేచింది.

"ఆ మడత నాకు నువ్వే నేర్పావు. మా కౌంటరులో పద్నాలుగు మందిమి. వాళ్ళలో నేను ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తానో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. నువ్వు కాదని చెప్పక్కా. ఒక్కసారి చెప్పు, నమ్ముతాను."

జెలీ గరిటె కింద పెట్టింది.

"నీకు బావమీద అనుమానమా?" అంది ఓడీల్. "నామీదా? ఆ మాట వాళ్ళ ముందు అనలేకనే నిన్న రాయిలా నిలబడ్డాను. ఆయన మా బావ అంటే, మరి ఈ ఉత్తరం ఎవరు రాశారు, మీ అక్క ఎందుకు రాసిందని అడుగుతారేమోనని. నీ కాపురం నలుగురి నోళ్ళలో పడుతుందని నోరు మూసుకున్నాను. అంత అనుమానం ఉంటే నన్నే అడిగి ఉండొచ్చు కదా! చెంపమీద కొట్టి అడిగినా పడేదాన్ని."

జెలీకి ఒక్క క్షణం ఊపిరి తేలికైంది. అనుమానం. ఎంత మంచి మాట! మొగుడిమీద అనుమానం పుట్టి చేసిందంటే లోకం క్షమిస్తుంది. మదాం గుర్దోన్ అయితే కాఫీ పెట్టి మరీ ఓదారుస్తుంది. అవునని తల ఊపితే చాలు, చెల్లెలు కాళ్ళమీద పడి ఒట్లు వేస్తుంది, తను కన్నీళ్ళు పెట్టుకుని లేవనెత్తుతుంది.

తల ఊపబోయింది. అది ఊగలేదు.

"నీ బావ ఎవడికి కావాలే!" అంది.

ఓడీల్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"తీసుకుపో. కావలిస్తే ఈ పూటే తీసుకుపో. పొద్దున లేస్తే ఉత్తరాల గోల, సాయంత్రం వస్తే మోకాలి నొప్పి గోల. ఆయనకోసం నేను కాగితం ఖరాబు చేస్తానా?"

"మరి ఎందుకక్కా?"

"ఎందుకా? ఆ కౌంటరు నాది కనుక!"

మాట బయటికి వచ్చాక జెలీకి ఆపడం చేతకాలేదు.

"ఆరేళ్ళు నిలబడ్డాను అక్కడ. గుమ్మంలోంచి వస్తున్న చేతిని చూసి తొడుగు కొలత ఐదుంపావా, ఆరున్నరా చెప్పేదాన్ని. నా తర్వాత నువ్వేనే అని తావెర్నియే నాతోనే అంది, నీతో కాదు. ఈయన వచ్చి పెళ్ళి అన్నాడు. పెళ్ళైనవాళ్ళు కౌంటరులో నిలబడకూడదన్నారు. సరే అన్నాను. నా చోటు పోతుంటే, బయటివాళ్ళకి ఎందుకులే అని నిన్ను ఊళ్ళోంచి పిలిపించి నిలబెట్టాను. నా చోటు అంటే అర్థమైందా? నీది కాదు. నువ్వు దాన్ని చూస్తుంటావని, ఆదివారం వచ్చి కబుర్లు చెబుతావని, అంతే."

"చెప్పలేదా? ప్రతి వారం చెప్పలేదా?"

"చెప్పావు! రెండు వారాల క్రితం ఏమన్నావో గుర్తుందా? 'అక్కా, మీ రోజుల్లో వేళ్ళు పైనుంచి లాగేవాళ్ళు కదూ, ఇప్పుడు అలా చెయ్యం, అది పాతపద్ధతి' అన్నావు. నా చెయ్యి పట్టుకుని చూపించావు. నా చెయ్యి పట్టుకుని, నాకు!"

"అందుకా?" ఓడీల్ ముఖంలో రంగు పోయింది. "ఆ ఒక్క మాటకా నా బతుకు..."

"నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. ప్రతి మాటా నిజమే."

"అదే, అదే నీ తెలివి!" ఓడీల్ కూడా గొంతు పెంచింది. "ఇంత కుళ్ళు పెట్టుకుని ప్రతి ఆదివారం మూలుగ ఎముక నా కంచంలో వేశావు. నేనెంత గొప్పదాన్నో అని మురిసిపోయాను. అవును, మురిసిపోయాను! నీకన్నా బాగా అమ్ముతున్నానని కూడా అనుకున్నాను. నీకన్నా వేగంగా తొడుగుతానని కూడా. తప్పా? నేర్పినదాన్ని మించకూడదా?"

"మించు. నా ఎదురుగా కూర్చుని చెప్పకు."

అప్పుడు వినిపించింది, తలుపు దగ్గర చిన్న దగ్గు.

ఆన్సెల్మ్ చేతిలో పొడుగాటి రొట్టె. ఎప్పుడొచ్చాడో తెలీదు. రొట్టె తెచ్చి బల్లమీద పెట్టి, కత్తి తీసుకుని, ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముక్కా సమానంగా, జాగ్రత్తగా కోశాడు.

"ఎంత విన్నారు?" అంది జెలీ.

"మోకాలి నొప్పి దగ్గర్నుంచి."

"నేను అలా అనలేదు. కోపంలో..."

"ఉండనీ." అతను తల ఎత్తలేదు. "ఇందాక దిగుతుంటే ఆ మడత సంగతి తట్టి, ఉత్తరం నీదని తెలియగానే ఏమనుకున్నానో తెలుసా? మెట్లమీద నిలబడిపోయాను. ఇన్నేళ్ళకి నామీద నీకింత ప్రేముందా అనుకున్నాను. సంతోషం వేసింది జెలీ. సిగ్గులేకుండా సంతోషం వేసింది. తిరిగొచ్చి ఈ మాటలు వినకుండా ఉండాల్సింది."

పులుసు చల్లారింది. పైన నెయ్యిలా కొవ్వు పేరుకుంది. ఎవరూ ముట్టుకోలేదు.

చివరికి జెలీ అంది: "రేపు వస్తాను. పదికి ముందే వస్తాను. ఆయన నా భర్త అని చెబుతాను."

"చెప్పి, ఉత్తరం?"

"ఎవరు రాశారో నాకు తెలీదంటాను."

ఓడీల్ "చాలు" అంది. క్షమించానని అనలేదు. ఆ పూట వంటింటి మూల పరుపు వేసి ఇస్తే, గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం ఉదయం ఆన్సెల్మ్ ఎవరితోనూ మాట్లాడకుండా పనికి వెళ్ళాడు. అక్కచెల్లెళ్ళు తొమ్మిదికి బయల్దేరారు. దుకాణం దగ్గరికి రాగానే ఓడీల్ ఆగింది.

"నేను వెనక గుమ్మంలోంచి వెళ్ళాలి. పైన కార్యాలయం బయట కూర్చుంటాను. నువ్వు ముందు గుమ్మంలోంచి రా. మెట్లెక్కి కుడిపక్క."

"తెలుసు."

"కొత్త మెట్లు అక్కా. నీకు తెలీదు."

అది కూడా గుచ్చుకుంది. జెలీ జనంలో కలిసింది.

లోపలికి అడుగుపెట్టాక ఒక్క నిమిషం కదల్లేకపోయింది. గాజు పైకప్పులోంచి వెలుగు దిగి, పట్టు తాన్లమీద, దీపస్తంభాలమీద, లెక్క తెలీనన్ని టోపీలమీద పడుతోంది. మెట్లకి అటూ ఇటూ తెల్లటి దుప్పట్లు జలపాతంలా వేలాడదీశారు. పిల్లలకి బుడగలు పంచుతున్నారు. పెద్దాళ్ళు తోసుకుంటున్నారు. పైన గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది.

మెట్లెక్కి కుడిపక్కకి తిరగాలి. ఎక్కబోయి, మెట్ల కింద చూసింది.

కౌంటరు అర్ధచంద్రాకారంలో ఉంది. పాతదానికి రెండింతలు. మోచేతులు ఆనించుకునే చిన్నచిన్న మఖమల్ దిళ్ళు, తొడుగుల్లో చల్లే పొడి డబ్బాలు, తొడుగుల వేళ్ళు సాగదీసే చెక్క పటకార్లు వరసగా సర్ది ఉన్నాయి. ముందు మూడు వరసల్లో ఆడవాళ్ళు చేతులు చాపుకుని నిలబడ్డారు. వెనకాల ఉన్న పిల్లలు కంగారులో ఏడుంపావు అడిగితే ఆరుంపావు తీస్తున్నారు. ఒకామె తొడుగు బొటనవేలి దగ్గర పటుక్కున చిట్లింది.

"అయ్యో, తొందరపడి తోశావు! ముందు నాలుగు వేళ్ళూ దిగాక కదా బొటనవేలు..." జెలీ నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

కౌంటరు వెనకనుంచి నెరిసిన తల ఒకటి లేచింది. మదమొజెల్ తావెర్నియే.

"జెలీ? ఒసేయ్ నువ్వేనా! దేవుడు పంపించినట్టు వచ్చావు. మీ చెల్లెలి సంగతికేగా? పదికి కదా, ఇంకా పావుగంట ఉంది. ఆ టోపీ తీసి ఇలా రా. ఈ కోడిపిల్లలతో నా ప్రాణం పోతోంది."

"నేనిప్పుడు ఇక్కడ మనిషిని కాదు మదమొజెల్. పెళ్ళైనదాన్ని."

"ఇంకా ఆ పాతకాలపు మాటలేంటే? ఇంత పెద్ద హాలుకి చేతులు ఎక్కడ దొరుకుతాయి? ఈ వారంనుంచి పెళ్ళైనవాళ్ళనీ తీసుకుంటున్నారు." ముసలామె ముందుకి వంగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పనా? మీ చెల్లెలు చురుకైందే. కానీ పైవాళ్ళు ఆమెని తీసేస్తే ఆ చోటుకి నేను అడిగేది నిన్నే. అది సరేగానీ, రా. పావుగంట."

జెలీ టోపీ తీసింది.

లోపలి తలుపు పక్కకి నెట్టి కౌంటరు వెనక్కి అడుగుపెట్టేసరికి, పాదాలకింద చెక్క కొత్తగా ఉన్నా, నడుము ఆనే ఎత్తు సరిగ్గా అదే. ముదురు నీలం గౌను వేసుకున్న పెద్దావిడ దిండుమీద మోచెయ్యి ఆనించింది. ఆరూ ముప్పావు. జెలీ అడగలేదు, కొలవలేదు. మూడో అర లాగి తీసింది. పొడి చల్లి, పటకారుతో వేళ్ళు సాగదీసి, నాలుగువేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి దించి, బొటనవేలు తిప్పి, మణికట్టు దగ్గర గుండీ పెట్టింది. మేకపిల్ల తోలు ముడత లేకుండా చేతికి పట్టింది.

"నాకు వాతం. ఎవరు తొడిగినా నొప్పే" అందావిడ ఆశ్చర్యంగా. "నువ్వు తొడుగుతుంటే తెలియనేలేదు. నీ పేరేమిటమ్మా? ఇకనుంచి నీ దగ్గరికే వస్తాను."

జెలీ చెప్పింది. పుట్టింటి పేరు చెప్పింది, బ్రొసార్ అనలేదు.

పైన గడియారం పది కొట్టింది. పది దెబ్బలూ విన్నది. ఈ జత అయిపోగానే అనుకుంది. ఆ జత అయిపోయింది. అవతల లేత బూడిదరంగు తొడుగులు కావాలని ఇంకొక చెయ్యి వచ్చింది, చిన్నది, మెత్తనిది, ఐదుంపావు. ఇదొక్కటీ అయిపోగానే.

జనాన్ని తోసుకుంటూ పైనుంచి గుమాస్తా ఒకతను వచ్చాడు. చేతిలో కాగితం.

"మదాం బ్రొసార్! మదాం బ్రొసార్ ఎవరండీ? పైన పిలుస్తున్నారు. మదాం బ్రొసార్ వచ్చారా?"

కౌంటరు ఆ చివర మదమొజెల్ తావెర్నియేకి ఆ గోలలో వినపడలేదు. కొత్త పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరండీ" అందొక పిల్ల.

జెలీ అతనికి మూరెడు దూరంలో ఉంది. చేతిలో చిన్న చెయ్యి. నాలుగు వేళ్ళూ దిగాయి. బొటనవేలు మిగిలింది.

గుమాస్తా ఇంకోసారి పిలిచి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

మెట్ల మలుపులో కమ్మీ పట్టుకుని నల్లగౌను పిల్ల ఒకతె కిందికి వంగి, టోపీల సముద్రంలో ఎవరికోసమో వెతుకుతోంది. చూపు గుమ్మం దాకా వెళ్ళింది, పట్టుతాన్లమీదుగా తిరిగొచ్చింది, దీపాలు దాటింది, కౌంటరు దగ్గరికొచ్చింది. అక్కడ ఆగింది.

ఓడీల్ పిలవలేదు. చెయ్యి ఊపలేదు. గుమాస్తా ఆమె పక్కనుంచి పైకి వెళ్ళిపోతున్నా, అతన్ని ఆపలేదు. అక్క తనని చూసిందని తెలిశాక కూడా కదలకుండా చూస్తూనే ఉంది.

"ఏమిటమ్మా, ఆగిపోయావు?" అంది చిన్న చెయ్యిగలావిడ.

జెలీ తల దించుకుని బొటనవేలు తొడిగింది.

"ఏం లేదు మదాం. రెండో చెయ్యి కూడా ఇలా ఇవ్వండి."